హైదరాబాద్ రాత్రి ఆకాశంలో వలస పక్షుల పిలుపులు: వినిపించేదెంత, వినిపించనిదెంత

వానాకాలం ముగింపుకొచ్చేసరికి హైదరాబాద్‌లో పక్షులను గమనించేవారి మధ్య ఏటా ఒకే రకం సందేహాలు మొదలవుతాయి. అర్ధరాత్రి దాటాక డాబా మీదుగా మూడు ఈలలు వేసుకుంటూ పోయిందేమిటి? రాత్రంతా రికార్డు చేసి, పక్షి గొంతులను గుర్తుపట్టే యాప్‌కు అందిస్తే అది చెప్పిన పేరును నమ్మవచ్చా? అమెరికాలో ఒక్క రాత్రిలో వేల పిలుపులు లెక్కకొస్తుంటే ఇక్కడ పది కూడా దాటకపోవడం పక్షులు తగ్గిపోయాయనడానికి గుర్తా? వీటిలో చివరిదే ఎక్కువ అపార్థానికి తావిస్తుంది.

క్లుప్తంగా: ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా దక్షిణానికి, మార్చి నుంచి మే తొలి వారాల దాకా ఉత్తరానికి పక్షులు రాత్రిపూట ఈ నగరం మీదుగా ప్రయాణిస్తాయి. అన్ని జాతులూ ఎగురుతూ పిలవవు. దక్కనుకు వచ్చే చిన్న పిట్టల్లో అత్యధికం మౌనంగా పోయేవే. పిలిచేవాటిలోనూ సన్నని గొంతులను గాలి మధ్యలోనే మింగేస్తుంది. అందువల్ల ఇక్కడ చెవిన పడేవి ప్రధానంగా నీటి పక్షుల గొంతులు. పిలుపుల సంఖ్యను పక్షుల సంఖ్యగా చదవకూడదు.

రాత్రి ప్రయాణం దేనికి

కొంగలు, గద్దలు పగటి ఎండకు నేల నుంచి లేచే వేడిగాలి ఆసరాతో రెక్కలాడించకుండా ఎత్తుకు చేరి, అక్కడి నుంచి జారుతూ ముందుకు పోతాయి. ఆ వసతి వాడుకునే శరీరం చిన్న పిట్టలకు, బురద ఒడ్డుల్లో మేసే ఉల్లంకి జాతులకు, బాతులకు లేదు. అవి దారి పొడవునా రెక్కలు కొట్టవలసిందే. రెక్కల కండరాలు పనిచేసేటప్పుడు పుట్టే వేడిని రాత్రి చల్లగాలి తేలికగా లాగేస్తుంది. సూర్యాస్తమయం తరువాత గాలిలో సుడులు తగ్గి ఎగరడం సులువవుతుంది, డేగల బెడదా తక్కువే. అన్నిటికీ మించి, పగలంతా తిండి వెతుక్కోవడానికి మిగులుతుంది. 12 గ్రాముల పిట్టకు ఇది చిన్న విషయం కాదు.

దారి తెలుసుకోవడానికి నక్షత్రాలు కూడా పనికొస్తాయి. స్టీఫెన్ ఎమ్లెన్ అనే శాస్త్రవేత్త 1960లలో పక్షులను ప్లానెటేరియంలో ఉంచి, కప్పు మీద నక్షత్రాల అమరికను మార్చినప్పుడు అవి ముఖం తిప్పే దిక్కు కూడా మారుతుందని చూపాడు. మబ్బు పట్టిన రాత్రుల్లో భూమి అయస్కాంత క్షేత్రం వంటి ఇతర ఆధారాలు తోడవుతాయి.

మన జలాశయాలకు చలికాలంలో వచ్చే పట్టెతల బాతు ఇందుకు మంచి ఉదాహరణ. ఈ పక్షులకు ట్రాన్స్‌మిటర్లు కట్టి చేసిన అధ్యయనం 2011లో వెలువడినప్పుడు, హిమాలయాలను అవి మధ్యాహ్నం కొండ వాలు వెంట పైకి వీచే గాలుల సాయంతో కాక, రాత్రి, తెల్లవారుజాము వేళల్లో దాటుతున్నాయని తేలింది. చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి రెక్కకు పట్టు దొరుకుతుంది, ఊపిరికి ఆక్సిజన్ కాస్త ఎక్కువ అందుతుంది. పర్వతం మీద పనిచేసే ఈ లెక్కే 540 మీటర్ల ఎత్తున్న దక్కను పీఠభూమి మీద కూడా తక్కువ మోతాదులో పనిచేస్తుంది.

పాట వేరు, పిలుపు వేరు

పగలు తోటలో వినిపించే పాట హద్దులు చాటడానికి, జతను రప్పించడానికి. రాత్రి ఆకాశంలో వినిపించేది దానికి పూర్తిగా భిన్నమైన పొట్టి కూత. చిన్న పిట్టలదైతే సెకనులో పదో వంతు కూడా ఉండదు, ఉల్లంకి జాతుల ఈల కాస్త సాగుతుంది. గుంపు చెదిరిపోకుండా ఒకదాని ఉనికి మరొకదానికి తెలపడం, దిక్కు విషయంలో తోటి పక్షులతో సరిచూసుకోవడం దీని ప్రయోజనాలని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. ఒంటరిగా పోయే పక్షి కూడా ఎందుకు పిలుస్తుందన్న దానిపై చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

వీటిని లెక్కపెట్టడం కొత్త వ్యాపకమేమీ కాదు. 1896 సెప్టెంబరులో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఓరిన్ లిబీ అనే పరిశీలకుడు ఒక కొండ మీద కూర్చుని, ఒక్క రాత్రిలో దాదాపు 3,800 పిలుపులు లెక్కపెట్టాడు. 1957లో ఇల్లినాయ్‌లో రిచర్డ్ గ్రేబర్, విలియం కాక్రన్ కలిసి టేప్ రికార్డరుకు, ఆకాశం వైపు తిప్పిన గిన్నె లాంటి పరావర్తకాన్ని జోడించి ఆ పనిని చెవి నుంచి యంత్రానికి మార్చారు. తరువాత బిల్ ఎవాన్స్ అనే పరిశోధకుడు ప్లాస్టిక్ పూలకుండీలో మైకు బిగించి, పైన పలుచని ప్లాస్టిక్ పొర కప్పి, ఎవరైనా ఇంటి మీద పెట్టుకోగల సాధనాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. కుండీ గోడలు పక్కల నుంచి వచ్చే వీధి చప్పుడును కొంత అడ్డుకుంటాయి, మైకు పై నుంచి వచ్చే ధ్వనిని మాత్రం తీసుకుంటుంది.

యూరప్‌లో ఈ అలవాటు బాగా పుంజుకున్నది 2020 లాక్‌డౌన్‌లో. ఆ ఏప్రిల్ తొలి రోజుల్లో ఇంగ్లండ్‌లో, సముద్రానికి చాలా దూరంగా ఉన్న ఊళ్ల పెరళ్లలో కామన్ స్కోటర్ అనే సముద్రపు బాతు పిలుపులు ఒకే రాత్రి ఎన్నో చోట్ల రికార్డయ్యాయి. పగలు ఆ ఊళ్లలో దాదాపుగా కనిపించని పక్షి అది. చెవి లేకపోతే ఆ ప్రయాణం ఎవరి కంటా పడేది కాదు.

ఇక్కడ పిలిచేవెవరు, పిలవనివెవరు

హైదరాబాద్ మధ్య ఆసియా వలస మార్గంలో ఉంది. 30 దేశాలను కలిపే ఈ మార్గాన్ని 182 జాతుల నీటి పక్షులు వాడుకుంటాయని అంతర్జాతీయ వలస జీవుల ఒప్పందం కింద లెక్క. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువు, కాస్త దూరాన మంజీరా, సింగూరు ఈ మార్గంలోని మజిలీలు.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన అసలు తేడా ఒకటుంది. అమెరికాలో రాత్రి వేల పిలుపులు వినిపించడానికి ముఖ్య కారణం అక్కడి వార్బ్లర్లు, పిచ్చుక జాతులు, థ్రష్‌లు అనే చిన్న పక్షులు ఎగురుతూ ఆపకుండా పిలవడం. అదే వార్బ్లర్ పేరుతో పిలిచినా మన వైపు వచ్చే పిట్టలు వేరే కుటుంబాలవి, వాటి అలవాటూ వేరు. ఫిన్లండ్ నుంచి సైబీరియా దాకా గూళ్లు కట్టి చలికాలానికి భారతదేశమంతా పరుచుకునే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ రాత్రి ప్రయాణంలో దాదాపుగా నోరు విప్పదు. పచ్చని ఆకుల్లో పచ్చగా కలిసిపోయే గ్రీనిష్ వార్బ్లర్ కూడా అంతే. సెప్టెంబరు పొద్దున కేబీఆర్ పార్కు పొదల్లో నిన్నటి దాకా లేని బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ చక్ చక్‌మని వినిపిస్తే, ముందు రాత్రి అది నగరం మీదుగా ఎగిరి వచ్చిందని అనుకోవలసిందే. డాబా మీద పెట్టిన రికార్డరులో మాత్రం దాని జాడ ఉండదు.

ఇండియన్ పిట్టాది మరీ విచిత్రమైన సంగతి. మధ్య భారతంలో, హిమాలయ పాదాల అడవుల్లో వర్షాకాలం గడిపి దక్షిణానికి, శ్రీలంకకు రాత్రిపూట తరలే ఈ రంగురంగుల పక్షి తన రాకను గొంతుతో కాక ఒంటితో చాటుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లోను, తిరుగు ప్రయాణపు ఏప్రిల్, మే నెలల్లోను దక్షిణాది ఊళ్లలో తెల్లవారేసరికి ఇంటి వరండాలోనో పెరట్లోనో సొమ్మసిల్లి దొరికే పక్షుల్లో ఇది తరచూ ఉంటుంది.

పిలిచేవి ఉల్లంకి జాతులు, బాతులు, నీటికోళ్లు. గ్రీన్‌షాంక్ అనే పొడుగుకాళ్ల ఉల్లంకి ‘త్యూ-త్యూ-త్యూ’ అని మూడు సమానమైన ఈలలు వేస్తుంది. ఆ ధ్వనిని కంప్యూటరు తెర మీద చిత్రంగా, అంటే అడ్డంగా కాలం, నిలువుగా ధ్వని ఎత్తు ఉండేలా చూస్తే, కిందికి కొద్దిగా వాలిన మూడు గీతలు ఒకే ఎడంతో వరుసగా కనిపిస్తాయి. గ్రీన్ శాండ్‌పైపర్ పిలుపులో తొలి గీత పైకి లేస్తుంది, వెనకే పొట్టి ముక్కలు వస్తాయి. కామన్ శాండ్‌పైపర్ ఈల ఇంకా సన్నగా, గొలుసుకట్టుగా సాగుతుంది. చెవికి మూడూ ‘ఏదో ఈల’గానే తోచవచ్చు, చిత్రంలో మాత్రం తికమక పెద్దగా ఉండదు. చిన్న పిట్టల్లో కాటుకపిట్టలు, ట్రీ పిపిట్ వంటివి, చలికాలం జొన్న చేలలో గుంపులు కట్టే బంటింగ్‌లు అప్పుడప్పుడూ గొంతు వినిపిస్తాయి. పగలు నీటి మీదే తిరుగుతూ పెద్దగా ఎగరనట్టు కనిపించే బొల్లికోడి రాత్రివేళ చెరువు మారుతూ అరుస్తుంది.

జక్కవల జంటలు రాత్రి విడిపోయి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయని మన కవులు పదే పదే చెప్పారు. విడిపోవడం కవిసమయమే. అయితే చలికాలంలో మన జలాశయాలకు వచ్చే ఈ పక్షి చీకట్లో అరవడం, మేత కోసం తిరగడం వాస్తవం, దాని గొంతు చాలా దూరం వినిపిస్తుందన్నదీ వాస్తవం. ఇలాంటి పెద్ద గొంతులే రికార్డుల్లో ముందు వరుసలో నిలుస్తాయి.

కాబట్టి పిలుపులు లెక్కపెట్టి పక్షుల సంఖ్య చెప్పడమంటే, పెళ్లి బస్సు పక్కనుంచి పోతున్నప్పుడు వినిపించిన గొంతులను బట్టి లోపల ఎంతమంది ఉన్నారో చెప్పడం లాంటిదే. ఒకే జాతి విషయంలో ఒకే చోట ఏటేటా తేడాను పోల్చడానికి ఈ లెక్క ఉపయోగపడుతుంది. రెండు దేశాలను పోల్చడానికి ఏమాత్రం పనికిరాదు.

గాలి చేసే వడపోత

పిలిచిన పిలుపు నేలకు చేరడం మరో సమస్య. దూరం రెట్టింపయిన ప్రతిసారీ ధ్వని స్థాయి 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఇది అన్ని ధ్వనులకూ సమానం. దీనికి తోడు గాలి సన్నని ధ్వనిని అదనంగా పీల్చుకుంటుంది. 20 డిగ్రీల ఉష్ణోగ్రత, 70 శాతం తేమ ఉన్న గాలిలో 2 కిలోహెర్ట్జ్ (సెకనుకు 2,000 కంపనాల) ధ్వని వంద మీటర్లకు ఒక డెసిబెల్ లోపే నష్టపోతే, 8 కిలోహెర్ట్జ్ ధ్వని దాదాపు 8 డెసిబెల్స్ నష్టపోతుంది. 300 మీటర్ల ఎత్తున ఎగిరే పక్షికి ఈ లెక్క వర్తింపజేస్తే మొదటిదానికి నష్టం 3 డెసిబెల్స్ కూడా ఉండదు, రెండోదానికి 23 దాటుతుంది. ఉల్లంకి జాతులు, బాతులు చాలామటుకు 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యనే పిలుస్తాయి. చిన్న పిట్టల పిలుపులు తరచుగా 6 నుంచి 9 మధ్య ఉంటాయి. పైగా వయసు మీద పడేకొద్దీ మనిషి చెవి మొదట పోగొట్టుకునేది ఈ సన్నని ధ్వనులనే.

ఎత్తు కూడా రాత్రికి రాత్రి మారుతుంది. వెనక గాలి బాగుండి ఆకాశం తేటగా ఉన్నప్పుడు పక్షులు ఎత్తుగా పోతాయి, కింద ఏమీ వినిపించదు. మబ్బులు కిందికి దిగిన రాత్రి అవీ కిందికి దిగుతాయి, నగరపు వెలుగులో చిక్కి మరింతగా పిలుస్తాయి. అందుకే పిలుపులు హోరెత్తిన రాత్రి పక్షులు ఎక్కువ పోయిన రాత్రి కానవసరం లేదు, వాటికి ఇబ్బందిగా ఉన్న రాత్రి కావచ్చు. నైరుతి రుతుపవనాలు తెలంగాణ నుంచి తప్పుకొని గాలి ఉత్తరం, ఈశాన్యం వైపు నుంచి మళ్లే అక్టోబరులో ఈ రెండు రకాల రాత్రులూ పక్కపక్కనే వస్తుంటాయి.

తీతువు, రాత్రి కొంగ, యాప్ చెప్పే పేర్లు

నగరంలో రాత్రి వినిపించే పక్షి గొంతుల్లో సింహభాగం వలస పక్షులవి కావు. అరిస్తే కీడని పేరు మోసిన తీతువు ఏడాది పొడవునా ఇక్కడే ఉండే పక్షి. నేల మీద గుడ్లు పెట్టే దానికి కుక్క వచ్చినా, వాచ్‌మన్ టార్చి వేసినా అరవక తప్పదు. భవనాల చదును కప్పుల మీద కూడా ఇది గూడు పెట్టిన సందర్భాలున్నాయి. చీకటి పడుతూనే చెట్ల గుంపుల నుంచి చెరువులకు బయలుదేరే రాత్రి కొంగ ‘క్వాక్’ అని ఒక్క ముక్కతో గరగరగా అరుస్తూ పోతుంది, దాన్ని బాతుగా పొరబడటం మామూలే. కోకిల ఎండాకాలం తెల్లవారుజామున మూడింటికే మొదలుపెడుతుంది. శివార్ల రాళ్ల నేలల్లో థిక్‌నీ అనే పెద్దకళ్ల పక్షి వేసే ఈలల వరుస దూరపు ఉల్లంకి పిలుపును తలపిస్తుంది.

యాప్‌లు తడబడేది ఇక్కడే. వాటికి నేర్పిన ధ్వనుల్లో అధిక భాగం పగటి పాటలు, కూర్చున్న పక్షుల కూతలు. రాత్రి పిలుపుల కోసమే రూపొందిన నైట్‌హాక్ వంటి ప్రోగ్రాములు అమెరికా జాతులతో శిక్షణ పొందినవి. పదో వంతు సెకను ముక్కకు, వెనక కీచురాళ్ల రొదతో కలిపి, యాప్ ఒక పేరు మాత్రం తప్పకుండా చెబుతుంది. కీచురాళ్ల ధ్వని కూడా చిన్న పిట్టల పిలుపుల ఎత్తులోనే ఉండటం వల్ల వానాకాలపు రికార్డుల్లో ‘అరుదైన వార్బ్లర్లు’ పుట్టుకొస్తాయి. యాప్ ఇచ్చిన పేరును వెతుకులాటకు మొదటి ఆనవాలుగా తీసుకుని, ధ్వని చిత్రాన్ని తెరిచి చూసి, జెనో-కాంటో వంటి పక్షి ధ్వనుల బహిరంగ భాండారంలోని అదే జాతి ఎగిరే పిలుపుతో పోల్చడమే సరైన పద్ధతి. వంద పిలుపుల్లో తొంభైకి పేరు పెట్టలేకపోయినా నష్టం లేదు. పేరు తప్పు పెట్టిన ఒక్క రికార్డు మాత్రం జాబితాల్లో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది.

రాడార్ చెప్పేది, చెప్పలేనిది

ఎన్ని పక్షులు పోతున్నాయన్న ప్రశ్నకు జవాబు వాతావరణ రాడార్‌లో ఉంది. వాన చినుకులను పసిగట్టే కిరణాలే పక్షి శరీరాలనూ పసిగడతాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తెరల మీద కనిపించిన అంతుపట్టని చుక్కలలో చాలావరకు పక్షులేనని తరువాత తేలింది. అమెరికాలో దేశవ్యాప్త రాడార్ల సమాచారాన్ని వాడుకుని బర్డ్‌కాస్ట్ అనే ప్రాజెక్టు ఆ రాత్రి ఎన్ని పక్షులు గాలిలో ఉంటాయో ముందస్తు అంచనా కూడా ఇస్తుంది. హైదరాబాద్‌లోనూ వాతావరణ శాఖకు డాప్లర్ రాడార్ ఉంది, దాని చిత్రాలు అందరికీ కనిపిస్తాయి. అయితే వాన మ్యాపు కోసం శుభ్రం చేసిన చిత్రంలో పక్షుల జాడను ముందే తుడిచేస్తారు. వలస లెక్కకు కావలసింది ఆ తుడిచేసిన భాగమే.

రాడార్‌కు జాతి తెలియదు. వెచ్చని దక్కను రాత్రుల్లో గాలి నిండా పురుగులు ఉంటాయి కాబట్టి వాటిని పక్షుల నుంచి విడదీయడం మరో చిక్కు. వానాకాలం ముగిశాక గుంపులుగా కదిలే తూనీగలు ఇందుకు ఒక ఉదాహరణ. ఆకాశంలో ఎంత ఉందో రాడార్, ఏది ఉందో మైకు చెబుతాయి. ఒకదాని బదులు మరొకటి సరిపోదు.

దీపాలతో ముడిపడిన సంగతి

పిలిచే అలవాటే పక్షి ప్రాణానికి ముప్పు తెస్తుందని చెప్పిన అధ్యయనం 2019లో వెలువడింది. చికాగోలోని ఫీల్డ్ మ్యూజియం సిబ్బంది 1978 నుంచి తెల్లవారుతూనే భవనాల కింద చచ్చిపడిన పక్షులను ఏరి భద్రపరిచారు. దాదాపు 70,000 ఢీకొన్న సంఘటనలను పరిశీలించినప్పుడు, రాత్రి ఎగురుతూ పిలిచే జాతులే మౌనంగా పోయేవాటికంటే ఎక్కువగా బలవుతున్నాయని బయటపడింది. వెలుగుకు దారి తప్పిన పక్షి అరుస్తుంది, ఆ అరుపు విని మరికొన్ని అదే వెలుగులోకి వస్తాయి. న్యూయార్క్‌లో సెప్టెంబరు 11 స్మారకంగా ఏటా వెలిగించే దీపస్తంభాల దగ్గర చేసిన పరిశీలన ఇదే తీరును ప్రత్యక్షంగా చూపింది. దీపాలు వెలిగినప్పుడు పక్షులు కిరణాల చుట్టూ తిరుగుతూ ఎక్కువగా పిలిచాయి, ఆర్పిన కొద్ది నిమిషాల్లోనే చెదిరి తమ దారిన పోయాయి.

హైదరాబాద్‌కు ఈ సంగతి ఎందుకంటే, గచ్చిబౌలి, రాయదుర్గం, కోకాపేట వైపు లేచిన గాజు మేడలు ఉస్మాన్‌సాగర్‌కు దగ్గరగా ఉన్నాయి. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో కట్టడాలను నియంత్రించిన 1996 నాటి జీవో 111 ఆంక్షలను 2022లో జీవో 69 సడలించింది. అంటే రాత్రి పిలిచే నీటి పక్షులు దిగే చోటికి వెలుగు మరింత జరిగే వీలుంది. మన పిట్టల్లో మౌనంగా పోయేవే ఎక్కువ కాబట్టి చికాగో స్థాయి ప్రమాదం ఇక్కడ ఉండకపోవచ్చునన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మౌనం వెలుగు నుంచి కాపాడదు, ఒకదాని వెనక మరొకటి రాకుండా మాత్రమే కొంత ఆపుతుంది. పొద్దున్నే ఊడ్చేవారి చీపురు కంటే ముందు ఎవరో ఒకరు మేడల చుట్టూ తిరిగి చూడనిదే, ఆ గాజు హాని చేయడం లేదని అనడానికీ లేదు, చేస్తున్నదని అంకె వేయడానికీ లేదు.

డాబా మీద రికార్డరు

ఖరీదైన పరికరమేమీ అక్కరలేదు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉండే ఆడియోమాత్ వంటి రికార్డరు గానీ, మంచి మైకు తగిలించిన పాత ఫోన్ గానీ చాలు. 48 కిలోహెర్ట్జ్ వేగంతో (అంటే సెకనుకు 48,000 నమూనాలు తీసుకుంటూ), కుదించని ఫైలుగా రికార్డు చేస్తే గంటకు దాదాపు 345 మెగాబైట్లు, పది గంటల రాత్రికి మూడున్నర గిగాబైట్లు అవుతుంది. జాగా మిగులుతుందని ఎంపీ3లోకి కుదిస్తే పోయేది సన్నని ధ్వనుల నాణ్యతే. ఏసీ బయటి యూనిట్, నీళ్ల ట్యాంకు మోటారు, దోమల కోసం పెట్టిన ఫ్యాను, వీటికి దూరంగా పిట్టగోడకు దిగువన, మైకు ముఖం ఆకాశానికి ఉండేలా పెట్టడం మంచిది. తెల్లవారుజామున ఒంటి గంట నుంచి నాలుగు దాకా ట్రాఫిక్ తగ్గి ధ్వని తేటగా ఉంటుంది.

దీపావళి వలస మధ్యలోనే పడుతుంది. నెదర్లాండ్స్‌లో కొత్త సంవత్సరపు బాణసంచా మొదలైన కొద్ది నిమిషాల్లోనే వేల పక్షులు చెరువుల నుంచి లేవడం రాడార్‌లో కనిపించింది. ఇక్కడ ఆ రాత్రి రికార్డులో వినిపించే బాతు గొంతు వలసదో, బెదిరి లేచినదో తేల్చలేము. అలాంటి రాత్రులను లెక్కలోంచి తీసేయడమే మేలు.

పిలుపులు దొరకని రాత్రిని కూడా తేదీ, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, మబ్బు, గాలి దిక్కు వివరాలతో రాసి ఉంచాలి. పరిశీలకులు తాము చూసిన, విన్న పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో రాత్రి ఎగిరే పక్షుల పిలుపుల కోసం ప్రత్యేక పద్ధతి ఉంది. అందులో ఎన్ని గంటలు విన్నారన్నది పిలుపుల సంఖ్యతో సమానమైన సమాచారం. 1930ల తొలి సంవత్సరాల్లో పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేసినప్పుడు తుపాకీ, నోటుపుస్తకం సాధనాలు. ఆ సర్వే ఈనాటికీ పనికిరావడానికి కారణం, ఎక్కడ, ఎప్పుడు, ఏది అన్న మూడు వివరాలూ అందులో కలిసి ఉండటమే. అసలు ఫైలును అలాగే దాచి, గుర్తు తెలియని పిలుపులను ‘గుర్తు తెలియని ఉల్లంకి’, ‘గుర్తు తెలియని చిన్న పిట్ట’ అన్న విభాగాల్లో వేస్తే, ఈ ప్రాంతపు పిలుపులతో శిక్షణ పొందిన ప్రోగ్రాములు వచ్చిన రోజున వాటిని తిరిగి తెరవవచ్చు.